పూతకు నీళ్లు మిగలాలె

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు అనగానే మనకు కృష్ణా, గోదావరి వాటాలే యాదికొస్తాయి. ఆ కొట్లాట న్యాయమైంది. 2014లో రాష్ట్రం వచ్చింది. కానీ కాలువ రాని ఊళ్లో రైతు చేతిలో ఉన్నది వాటా కాదు, బోరు. యాసంగి ముదిరేకొద్దీ అది సన్నబడుతుంది. ఆ సన్నబడ్డ ధారతో ఏం పండుతదన్నది కూడా నీళ్ల లెక్కే. ఇయ్యాల ఆ లెక్క పొద్దుతిరుగుడు మీద చెప్తాను.

యాసంగి వరికి 1,200 మిల్లీమీటర్ల పైనే నీళ్లు కావాలె. పొద్దుతిరుగుడుకు అందులో సగం కూడా అక్కర్లేదు. నల్లరేగడిలో దీని వేరు లోతుకు దిగి అడుగు తడిని లాగుతుంది. అట్లాగని బెట్టకు ఆగే పంటే గదా అని వదిలేస్తే మునుగుతం.

ఎప్పుడు ఎండబెడుతున్నమన్నదే అసలు సంగతి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లోనే దీనికి లెక్క కట్టింది. లేత దశలో చేనుకు కావాల్సిన నీళ్లలో 10 శాతం తగ్గితే దిగుబడిలో పోయేది రెండున్నర శాతమే. పూతలో అంతే తగ్గితే 10 శాతం పోతుంది. గింజ నిండేటప్పుడు 8 శాతం. మనదగ్గర జరిగేది తలకిందులు. బోరు నిండుగా పోసినప్పుడు లేత చేనుకు తడి మీద తడి. పూతకొచ్చేసరికి బోరు గస పోస్తుంది. పువ్వు చూస్తే పళ్లెమంత, నడిమిట్ల అంతా తాలు.

ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి అంటే 2 లక్షల లీటర్లు. గంటకు 10 వేల లీటర్లు పోసే బోరుకు 20 గంటల పని. 7 గంటల కరెంటు రోజుల్లో అది మూడు రోజులు. మూడెకరాలు వేసిన రైతు చివరి మడికి చేరేసరికి తొమ్మిది రోజులు, పూత సగం దాటిపోయేది. 2018లో 24 గంటల కరెంటు వచ్చింది. అయినా బోరు ఆగకుండా పోయదు, ఊట చేరాలె గదా! అందుకే విత్తే ముందు చూడాల్సింది ఎన్నెకరాల భూమి ఉందని కాదు, మొగ్గకు, పూతకు, గింజకు మూడు తడులు ఎన్నెకరాలకు అందుతాయని.

నేను ఆపితే పక్క బోరు లాగదా అంటారు. లాగుతది. అందుకే ఇది ఒక్కడితో అయ్యేది కాదు. పైగా ఒంటరి చేనును రామచిలుకలు మిగలనియ్యవు. పదిమంది కలిసి, తలా కొంచెం తక్కువ వేస్తే నీళ్లూ నిలుస్తాయి, పిట్టల నష్టమూ పంచుకుంటారు.

మరి రైతు మళ్లీ వరికే ఎందుకు పోతున్నడు? వరికి ఊరి దగ్గర్నే కాంటా పెడతారు గనుక. 2024-25లో పొద్దుతిరుగుడుకు కేంద్రం క్వింటాలుకు 7,280 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. ధర ప్రకటించుడు వేరు, కొనుడు వేరు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైతే మన వంటింట్ల నూనె ధర మండింది. అక్కడి నుంచి నూనె తెచ్చుకునే దేశం ఇక్కడి గింజను కొనడానికి పరిమితులు పెడుతుంది. ఈ సభలో మార్కెటింగ్, వ్యవసాయ శాఖల ఉద్యోగులున్నారు. కొనుగోలు కేంద్రం ఎక్కడ పెడతారో, ఎన్ని క్వింటాళ్లు కొంటారో పంట కోసినంక కాదు, విత్తనం కొనకముందే రైతుకు చెప్పించండి.