మిషను దగ్గర నిలబడేది మన పిల్లలే కావాలి



ఆగస్టు 9ని ఆదివాసీ దినోత్సవంగా 1994లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఈ రోజు మన ఆట, పాట తలుచుకుంటాం. వాటితోపాటు రేపటి కూడు మాట కూడా మాట్లాడుకోవాలి.

పదో తరగతి అయ్యాక మన పిల్లల్లో కొందరు సుమ్మాదేవిలో రైలెక్కి పలాస జీడి ఫ్యాక్టరీలకు పోతారు. కొందరు ఇంకా ముందుకు, చెన్నై దాకా పోతారు. పనికి పోవడం తప్పు కాదు. ఆ పని ఎన్నాళ్లుంటుంది అన్నదే ఆలోచించాలి.

జీడి పనే చూడండి. ఒకప్పుడు పిక్కలు కాల్చి, చేత్తో కొట్టి పప్పు తీసేవారు. జీడి నూనెకు చేతులు పొక్కిపోయేవి. తర్వాత ఆవిరి బాయిలర్లు, కటింగ్ మిషన్లు, పొట్టు తీసే మిషన్లు వచ్చాయి. ఇప్పుడు రంగును బట్టి పప్పు ఏరే మిషన్లూ ఉన్నాయి. కెమెరా మచ్చను పట్టుకుంటుంది, గాలి ఆ పప్పును పక్కకు ఊదేస్తుంది. ఏరే పని ఎక్కువగా ఆడవాళ్లదే. మిషను చేతులు కాలకుండా కాపాడింది, కొన్ని చేతుల పని కూడా తీసుకుంది.

అయినా ఆ మిషను దగ్గరా మనిషి కావాలి. బాయిలర్ ప్రెషర్ చూడాలి, మోటారు ఆగితే కారణం పట్టాలి. 240 గ్రేడు అంటే ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 220 నుంచి 240 గుండు పప్పులు తూగాలి. ఇది బడిలో నేర్చే లెక్కే. అమ్మకు చేతివాటంతో గ్రేడు తెలుసు. కూతురికి చేతివాటంతోపాటు లెక్క, మిషను కూడా తెలిస్తే ఆమెను అంత తేలిగ్గా పనిలోంచి తీయలేరు.

మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. పోర్టు మన జిల్లాలోనే ఉన్నా, ఉద్యోగం ఊరి పేరు చూసి రాదు. చేతిలోని పనిని, సర్టిఫికెట్‌ను చూసి వస్తుంది.

అందుకే వసతిగృహంలో పిల్లలకు మేము రోజూ చెప్పేవే ఇక్కడా చెబుతున్నాం. లెక్కలు, సైన్సు వదలొద్దు. పది పాసైతే ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ల కోర్సులు, వెల్డర్ ఏడాది కోర్సు. ఆపైన అప్రెంటిస్‌గా చేరితే 1961 చట్టం కింద స్టైపెండ్ ఇస్తూ పని నేర్పుతారు. ఆధార్‌లో, పదో తరగతి మార్కుల జాబితాలో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే, ముందు సీతంపేట ఐటీడీఏలో అడిగి తెలుసుకోండి.

మన సవర భాష కూడా నైపుణ్యమే. 1936లో మంగే గొమాంగో దానికి లిపి కూర్చారు. కొండ మీద ముసలమ్మకు మందు ఎలా వేసుకోవాలో ఆమె మాటలో చెప్పగల నర్సు, పసిపిల్లకు ఆమె మాటలో అక్షరం దిద్దించగల టీచరు మనకు కావాలి. ఆ పనికి మీకంటే తగినవారు ఎవరు?

పరీక్ష తప్పినవారు సిగ్గుపడి రైలెక్కేయకండి. సప్లిమెంటరీ ఉంది. పుస్తకం పట్టుకుని రండి, పక్కన కూర్చుని చదివిస్తాం.

జోహార్.