యోగాభ్యాసము – మనశ్శాంతి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



పల్లెటూరి జీవితము మిక్కిలి ప్రశాంతమని పట్టణవాసులు తలంతురు. వాన రాకున్న నొక దిగులు, వచ్చి పోకున్న వేరొక దిగులుగల రైతునకు ఆ మాట విన్న నవ్వు వచ్చును. అప్పు గడువు సమీపించినవానికి, పరీక్ష తప్పిన బాలునకు, ఇంటిల్లిపాదికిని వండి వడ్డించియు మెప్పెరుగని ఇల్లాలికి కంటికి నిద్ర రాదు. ఆ నిద్రలేమి వెనుక రెండు బాధలు కలవు. మొదటిది వచ్చిన కష్టము. రెండవది, ఇదంతయు తన చేతకానితనమే యని తన్ను తాను నిందించుకొనుట. మొదటిదానికి ధనమో, కాలమో, ఇరుగుపొరుగు సాయమో కావలెను. రెండవదానికి యోగాభ్యాసము కొంత ఊరట నీయగలదు.

కలత చెందినప్పుడు దేహమున జరుగునదేమి? మూత్రపిండములపై నున్న చిన్న గ్రంథులు రక్తములోనికి ఉద్రేకరసములను విడుచును. గుండె వడిగా కొట్టుకొనును, కండరములు బిగియును. పులి యెదురైనవానికి ఇది ప్రాణరక్షకము. కాని ఋణపత్రము పులివలె ఒకనాడు వచ్చి మఱునాడు పోవునది కాదు. దేహము నెలల తరబడి అట్లే బిగిసియుండిన నిద్రయు, జీర్ణశక్తియు చెడును.

గుండెను మనుష్యుడు తన యిచ్చవచ్చినట్లు నడపలేడు. ఊపిరిని కొంతవఱకు నడపగలడు. నిశ్వాసము దీర్ఘమైనచో గుండె వేగమును తగ్గును. ప్రాణాయామమునందలి కీలకమిదియే. 1918లో శ్రీ యోగేంద్ర బొంబాయిలో సంస్థను నెలకొల్పి గృహస్థులకు యోగము నేర్పెను. 1924లో స్వామి కువలయానంద లోనావ్లాలో కైవల్యధామమును స్థాపించి, ఆసన ప్రాణాయామముల ఫలితములను యంత్రసాధనములతో పరీక్షించెను. చికిత్సకు లొంగని మానసిక గాయముతో బాధపడుచున్న 64 మంది స్త్రీలపై అమెరికాలో జరిగిన పరిశోధన 2014లో ప్రకటింపబడినది. పది వారములు యోగము నభ్యసించినవారిలో సుమారు సగముమంది ఆ వ్యాధినుండి బయటపడిరి. రెండవ జట్టులో అట్టివారు ఐదవవంతు మాత్రమే.

పతంజలి చెప్పిన యమములలో మొదటిది అహింస. అది పరులయెడనే కాదు, తనయెడను చెల్లును. నియమములలో సంతోష మొకటి. సంతోషమనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. తన నేల రేగడియో, ఇసుకయో యెఱిగినవాడే తగిన విత్తు వేయును. నేలతో జగడమాడువానికి పంట రాదు. తన్ను తాను ఉన్నదున్నట్లు అంగీకరించుటయు నట్టిదే. అది ప్రయత్నమునకు ముగింపు కాదు, ప్రారంభము.

అభ్యాసమునకు ఒక చాపయు, పదిహేను నిమిషములును చాలును. వెల్లకిల పరుండి, కాలిబొటనవ్రేలినుండి నుదుటివఱకు ఒక్కొక్క అవయవమును సడలింపవలెను. నాలుగు లెక్కించుచు ఊపిరి పీల్చి, ఆరు లెక్కించుచు విడువవలెను. మనస్సు అప్పుపైకో, అవమానముపైకో పరుగెత్తును. దానిని తిట్టరాదు. త్రాడు తెంపుకొన్న లేగదూడను మెల్లగా రాటకడకు తెచ్చినట్లు మరల ఊపిరికడకు తేవలెను. నూఱుసార్లు పోయిన నూఱుసార్లు తేవలెను. తన్ను తాను క్షమించుకొనుట మనుష్యుడు ఇచ్చటనే నేర్చును.

ఒక హెచ్చరిక. గుండెజబ్బు, రక్తపు పోటు కలవారును, గర్భిణులును వైద్యుని అడుగక ఆసనములు వేయరాదు. వాడుచున్న మందులు మానరాదు. ఊపిరి బిగబట్టు ప్రక్రియలను గురువులేక చేయరాదు. బ్రదుకుపై విరక్తి కలిగి, ప్రాణము తీసికొనవలె నను తలపు వచ్చినవారు ఆసనములను నమ్ముకొని ఊరకుండరాదు; వెంటనే ఇంటివారితోను, వైద్యునితోను చెప్పవలెను. అట్టివారిని ఒంటరిగా విడువకుండుట ఇరుగుపొరుగువారి ధర్మము.

ఇరువదియైదేండ్లుగా ఈ పఠనమందిరమున నిశ్శబ్ద మొక నియమమై యున్నది. ఆ నిశ్శబ్దమును దినమునకు పదిహేను నిమిషములు ప్రతి యింటికిని తీసికొనిపోయినచో, ఈ రజతోత్సవము సార్థకమగును.