చిన్న డబ్బా సొగసు



ఇంట్లోకి కొత్త సెల్‌ఫోన్ వచ్చిందనుకోండి. ఫోన్ పిలకాయల చేతికి పోతుంది, డబ్బా మన చేతికొస్తుంది. అరచేతిలో ఇమిడే ఆ తెల్లని అట్టడబ్బాను పారేయడానికి మనసొప్పదు. బొట్టుబిళ్లలకో, జాకెట్టు హుక్కులకో పనికొస్తుందని బీరువాలో దాచేస్తాం. మా నాయుడుపేటలో ఏ బీరువా తెరిచినా ఇలాంటివి రెండు మూడు కనిపిస్తాయి. మీ ఇంట్లోనూ ఉంటాయి, నవ్వకండి!

ఆ సొగసు ఊరికే రాలేదు. మూత పట్టి ఎత్తండి, చప్పున ఊడిరాదు. మూతకూ డబ్బాకూ నడుమ సందు వెంట్రుకవాసి ఉంచుతారు. గాలి మెల్లగా లోపలికి దూరితే గానీ అడుగుభాగం జారదు. ఆ రెండు క్షణాల్లో మన ఆత్రం పెరుగుతుంది. వెంకటగిరి చీరల అంగట్లో ఒక్కొక్క మడతే విప్పుతూ ఊరించి చూపిస్తారే, అదే కిటుకు.

ఇది నిన్నామొన్నటి సంగతి కాదు. 1957లో జపానులో సోనీ కంపెనీ టీఆర్-63 అనే బుల్లి ట్రాన్సిస్టరును తోలు తొడుగుతో సహా ముచ్చటైన పెట్టెలో పెట్టి అమ్మింది. జేబులో పట్టే రేడియో అని ప్రచారం. తీరా చూస్తే మామూలు చొక్కా జేబులో పట్టలేదట. అమ్మేవాళ్లకు పెద్ద జేబుల చొక్కాలు కుట్టించారట!

డబ్బా చిన్నదయ్యేకొద్దీ లోపలి సామానూ తగ్గుతోంది. 2020 అక్టోబరులో యాపిల్ కంపెనీ ఐఫోన్ డబ్బాలోంచి చార్జరును తీసేసింది. పర్యావరణం కోసమన్నారు. రవాణాలో అదే చోటులో 70 శాతం దాకా ఎక్కువ డబ్బాలు పడతాయనీ అన్నారు. మంచిదే. కానీ చార్జరు లేనివాళ్లు విడిగా కొనుక్కోవాలి గదా! అందుకే డబ్బు చెల్లించకముందే "లోపల ఏమేం ఉన్నాయి?" అని అడగండి. సిగ్గుపడకండి.

ఇక డబ్బా పక్కన చీమతలకాయలంత అక్షరాలు చూశారా? ధర, తయారైన నెల, ఫిర్యాదు చేయవలసిన నంబరు అక్కడే ఉంటాయి. తయారైన చోటు చదవడం నాకు సరదా. మా ఊరి నుంచి మద్రాసు రోడ్డున సూళ్లూరుపేట, తడ దాటితే శ్రీసిటీ. 2015లో అక్కడి ఫాక్స్‌కాన్ కర్మాగారంలో షావోమీ ఫోన్ల తయారీ మొదలైంది. పనిలో కుదిరినవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఐఎంఈఐ అనే 15 అంకెల నంబరు. అంగట్లోనే ఫోనులో నక్షత్రం గుర్తు, గళ్ల గుర్తు, సున్నా, ఆరు, మళ్లీ గళ్ల గుర్తు నొక్కండి. తెరమీద వచ్చిన నంబరూ డబ్బామీది నంబరూ ఒకటి కాకపోతే ఆ ఫోన్ తీసుకోవద్దు.

బస్సులో ఫోన్ పోయిందనుకోండి. పోలీసు ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీ వెబ్‌సైటులో ఈ నంబరు నమోదు చేస్తే, దొంగ ఏ సిమ్ము వేసినా ఆ ఫోన్ మన దేశంలో పలకకుండా ఆపేస్తారు. 2023 మే నుంచి దేశమంతటా ఈ సదుపాయం ఉంది. ఫోనే పోయాక నంబరు ఎక్కడ చూస్తాం? ఆ డబ్బామీదే.

కనుక బొట్టుబిళ్లలు దాచుకోండి, పిలకాయలకు ఆటకివ్వండి, మీ ఇష్టం. ముందు మాత్రం ఆ అంకెలు పద్దుల పుస్తకంలో, పాల లెక్క పక్కన, రాసిపెట్టుకోండి. రెండు సిమ్ముల ఫోనయితే నంబర్లు రెండుంటాయి. రెండూ రాయండి.