గొర్రెల మాట ఎవరికి జ్ఞాపకము?

ఈ దినము మన ధ్యానము కొరకు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయము, 10 నుండి 13 వచనములు. బైబిలు దగ్గరున్నవారు తెరచి చూడండి.

కొరింథు సంఘములో నాలుగు గుంపులు బయలుదేరాయి. పౌలు పేరు ఒకరిది, అపొల్లో పేరు ఒకరిది, కేఫా పేరు ఒకరిది. నాలుగవ గుంపు క్రీస్తు పేరునే పక్షము పేరుగా చేసుకున్నది! క్లోయె ఇంటివారు చెప్పగా పౌలు విన్నాడు. విని, క్రీస్తును ముక్కలు చేశారా అని సూటిగా అడిగాడు.

ప్రియులారా, ఆ ప్రశ్న ఈ కాలములో ఆంగ్లికన్ సంఘము ముందు నిలిచి ఉంది. 2003లో అమెరికాలోని ఎపిస్కోపల్ సంఘము, స్వలింగ సంబంధములో బహిరంగముగా జీవిస్తున్న ఒక గురువును బిషప్పుగా అభిషేకించింది. ఇది వాక్యమునకు విరుద్ధమని నమ్మిన అనేకులు బయటకు వచ్చారు. 2009లో వారు ఉత్తర అమెరికా ఆంగ్లికన్ సంఘముగా ఏర్పడ్డారు. సైనిక చాప్లెయిన్లను చూచుకొనుటకు అందులో ప్రత్యేకముగా ఒక బిషప్పు, ఒక విభాగము ఉండేవి. 2025 సెప్టెంబరులో ఆ బిషప్పుపై ఫిర్యాదులు వచ్చాయని ఆర్చిబిషప్పు ఆయన పరిచర్యను తాత్కాలికముగా నిలిపివేశారు. వెంటనే ఆ విభాగము, మేము ఈ సంఘమునుండి వేరవుతున్నామని ప్రకటించింది. వివాదము కోర్టు మెట్లెక్కింది. వేరుపడి వచ్చినవారిలోనే మరల వేరుపాటు!

తప్పు ఎవరిదో ఇక్కడ కూర్చుని మనము తీర్పు తీర్చకూడదు. ఫిర్యాదు చేసినవారి మాట వినాలి, నింద మోసినవారి మాట కూడా వినాలి. సత్యము కొరకు నిలబడడము తప్పు కాదు. అయితే నా భారము వేరొకటి. అమెరికా సైన్యములో చాప్లెయిన్‌గా ఉండాలంటే, ఇతడు యోగ్యుడని అతని సంఘము వ్రాసి ఇవ్వాలి. ఆ పత్రమును వెనుకకు తీసుకుంటే, మరొక సంఘము అతనిని చేర్చుకొనకపోతే, అతడు చాప్లెయిన్‌గా కొనసాగలేడు. మన ఊరిలో గుడి చీలితే విశ్వాసి పక్క వీధిలోని గుడికి వెళ్తాడు. నడిసముద్రములో ఓడమీద ఉన్న నావికుడు ఎక్కడికి వెళ్తాడు? కాపరులు పోట్లాడుకుంటే ముందుగా నష్టపోయేది గొర్రె.

మొదటి ప్రపంచ యుద్ధములో థియొడోర్ బేలీ హార్డీ అనే ఆంగ్లికన్ చాప్లెయిన్ ఉండేవాడు. 1914లో వయసు మీరినదని ఆయనను తీసుకోలేదు. 1916లో, 52 ఏళ్ల వయసులో, అవకాశము దొరికింది. ఆ రోజులలో కూడా ఇంగ్లండు సంఘములో ఆరాధనాక్రమము విషయమై రెండు పక్షాలుండేవి. 1917లో ఒక సైనికుడు యుద్ధభూమిలో బురదలో కూరుకుపోయాడు. ఎంత ప్రయత్నించినా పైకి తీయలేకపోయారు. హార్డీ అతనిని విడిచి రాలేదు. ప్రాణము పోయేవరకు పక్కనే ఉండి ఆదరించాడు. ఆ సైనికునికి కావలసినది పక్షము కాదు, పక్కన కాపరి. 1918లో రాజుగారు ఆయనను తన చాప్లెయిన్‌గా నియమించినా ఆయన సైనికులను వదలలేదు. ఆ అక్టోబరులోనే గాయపడి మరణించాడు.

ఇది మనకు దూరపు కథ కాదు. సికింద్రాబాదు సెయింట్ జాన్స్ దేవాలయము 1813లో, బొల్లారం హోలీ ట్రినిటీ దేవాలయము 1847లో ఇంగ్లీషు సైనికుల ఆరాధన కొరకు వెలసినవే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వారు ఏకమై దక్షిణ ఇండియా సంఘమైనప్పుడు ఆ గుళ్లు కూడా ఆ ఐక్యతలోనికి వచ్చాయి. ఈ ఐక్యతకు పాటుపడిన దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు ఆ దినము చూడలేదు. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. పెద్దలు కన్నీటితో కట్టినదానిని మనము ఎలా కాపాడుకుంటున్నాము?

నా సంగతి కూడా చెప్పాలి. నేను సేవచేసిన ఒక సంఘములో కమిటీ ఎన్నికల తగాదా వచ్చింది. సరిహద్దులో ఉన్న తన కుమారుని కొరకు ప్రార్థన చేయమని ఒక తల్లి ఆరాధన అయిన తరువాత వచ్చింది. నేను పెద్దలతో వాదనలో ఉన్నాను. "ఆగమ్మా" అన్నాను. మరుసటి ఆదివారము మళ్లీ వచ్చింది, మళ్లీ ఆగమన్నాను. మూడవ ఆదివారము ఆమె రాలేదు. వేరొక పాస్టరుగారి దగ్గర ప్రార్థన చేయించుకున్నదని తరువాత తెలిసింది. ఆ వాదనలో నేను గెలిచాను. ఏమి గెలిచానో ఇప్పుడు జ్ఞాపకము లేదు. ఆ తల్లి ముఖము జ్ఞాపకమున్నది.

ప్రియ సహోదరీ, సహోదరుడా, నీ సంఘములో తగాదా ఉన్నదా? ఈ వారము ఎదుటి పక్షములో రోగియైన ఒకరిని వెళ్లి చూడు. వాదించవద్దు. ప్రార్థన చేసి రా.

ప్రార్థించుకుందాము. మంచి కాపరివైన ప్రభువా, దూరదేశములలో, సరిహద్దులలో ఉన్న సైనికులను, వారి కాపరులను జ్ఞాపకము చేసుకొనుము. చీలిన నీ సంఘమును బాగుచేయుము. ఆ పని మాతో ఆరంభించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.