ఖాళీగా ఉన్నదని వాడుకోవచ్చునా?

(మందమర్రిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్భై దాటిన గుమాస్తాకు ఇంటర్నెట్టుతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. నేను చెప్పబోయేది యంత్రాల సంగతి కన్నా రిజిస్టరు సంగతి. అది మనకు తెలిసిన విద్యే.

మన ఊరి పిన్‌కోడు 504231. 1972 ఆగస్టు 15న దేశంలో ఈ పద్ధతి వచ్చింది. అందులో 9తో మొదలయ్యే సంఖ్యలను సైన్యపు తపాలాకు ప్రత్యేకించారు. ఇక్కడ ఎవరూ వాడటం లేదు కదా అని మనం 9 రాసుకుంటే ఉత్తరం మన ఇంటికి రాదు. ఇంటర్నెట్టులోనూ కంప్యూటర్లకు ఇలాంటి అంకెల చిరునామాలుంటాయి. చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు. పాత పద్ధతిలో ఇవి మొత్తం సుమారు 430 కోట్లు.

వీటిలో కొన్ని వరుసలను పక్కన పెట్టారు. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి ఇంటి లోపల, ఆఫీసు లోపల వాడుకోవటానికని 1996 ఫిబ్రవరిలో నియమం రాశారు. ఏ కాలనీకి ఆ కాలనీలో 12వ నంబరు క్వార్టరు ఉండవచ్చు. కాలనీ లోపల 12 అంటే చాలు. హైదరాబాదు నుంచి వట్టి 12 అని రాస్తే ఉత్తరం చేరదు. అయినా ఈ లోపలి చిరునామాల గురించి బయట వాకబు చేసే కంప్యూటర్లు ఎన్నో. ఆ వృథా ప్రశ్నలకు జవాబిచ్చేందుకే వేరే కంప్యూటర్లు నడపవలసి వచ్చింది.

ఇంకో తప్పు మరీ పెద్దది. 1తో మొదలయ్యే చిరునామాలను చాలాకాలం ఎవరికీ ఇవ్వకుండా నిల్వ ఉంచారు. 1.1.1.1 గుర్తుంచుకోవటం తేలిక. అందుకని అనేకమంది తమ యంత్రాల్లో దాన్ని సొంత చిరునామాగా రాసుకున్నారు. చిరునామాలు నిండుకుంటున్నాయని 2010 జనవరిలో ఆ వరుసను ఆసియా పసిఫిక్ కేటాయింపు సంస్థ ఏప్నిక్‌కు ఇచ్చారు. ఆ నెలలోనే 1.1.1.1ను పరీక్షకు తెరిస్తే, ఎవరూ కోరని సమాచారం వచ్చిపడి 10 మెగాబిట్ల లైను నిండిపోయింది. 2018 ఏప్రిల్ 1న క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ అదే చిరునామాతో ఉచిత సేవ మొదలుపెడితే, కొన్ని నెట్‌వర్కుల్లోని వారికి అది అందనే లేదు. వారి యంత్రాలు ఆ చిరునామాను తమదే అనుకొని బయటకు పోనివ్వలేదు. 1తో మొదలయ్యే చిరునామాలు మన దేశపు కంపెనీలకూ వచ్చాయి. అంటే ఈ తప్పు మన వాకిటి దాకా రాగలదు.

డిస్పాచ్ రిజిస్టరులో నాలుగు నంబర్లు ఖాళీ వదిలి, తరువాత పాత తేదీతో ఉత్తరం ఎక్కించే అలవాటు కొన్ని ఆఫీసుల్లో ఉండేదని మీకు తెలుసు. ఆ పూటకు పని జరిగేది. ఆడిట్ వచ్చేసరికి ఆ సీటులో ఇంకొకరు ఉండేవారు. మెమో వారికి వచ్చేది. ఇక్కడా అంతే. సులువు చూసుకున్నది ఒకరు, అవస్థ పడేది మరొకరు.

దీనితో మనకేం పని అంటారా? 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ మొదలైనప్పటి నుంచి, మనం బతికి ఉన్నామని చెప్పటానికి కూడా ఈ లైన్లే ఆధారమవుతున్నాయి. పేజీ తెరుచుకోకపోతే "సర్వర్ డౌన్, రేపు రండి" అంటారు. ఒక్కోసారి సర్వర్ బాగానే ఉంటుంది, మధ్యలో దారి తప్పుతుంది. కర్ర పట్టుకొని వచ్చిన పెద్దమనిషికి ఆ తేడా ఎవరు చెప్తారు? కాబట్టి వేరే ఫోను నెట్టుతో ఒకసారి తెరిపించి చూడండి. అందులో తెరుచుకుంటే లోపం ఈ లైనులో ఉండవచ్చు. తేదీ, సమయం, తెరుచుకోని పేజీ పేరు రాసి ఫిర్యాదు ఇవ్వండి. నకలు దగ్గర ఉంచుకోండి.

మన పిల్లలు, మనుమలు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో ఈ పనులే చేస్తున్నారు. వారికి ఒక్క మాట చెప్పండి. ఖాళీగా కనిపించినదల్లా ఎవరిదీ కానిది కాదు. రాబోయే వారి కోసం ఉంచినది కావచ్చు. మనకు కేటాయించినదే వాడాలి, వాడినది రాసిపెట్టాలి.