నోరులేని కక్షిదారు

గ్రామమునందు తగవు తీర్చుటకు కూర్చుండిన పెద్దలు ఉభయపక్షముల మాటలను విందురు. ఒక పక్షమువారు రాకున్నచో కబురంపుదురు. వారి తరఫున మాటలాడువారెవరైన కలరాయని విచారింతురు. ఇది మనకు తరతరములనుండి తెలిసిన న్యాయమే. అయితే రెండవ పక్షము ఎలుకయైనచో, కుందేలైనచో ఆ న్యాయమెట్లు జరుగును? మందులను, టీకాలను కనుగొను పరిశోధనశాలలలో ఈ ప్రశ్న నిత్యము పుట్టుచునే యున్నది. దానికి సమాధానముగ నేర్పడిన యొక పంచాయతీని గూర్చి నేడు మీకు మనవి చేయదలచితిని. శాస్త్రజ్ఞుడను గాకున్నను నేనట్టి సంఘమొకదానిలో సభ్యుడనుగ కొంతకాలము కూర్చుంటిని గావున ఆ పద్ధతి నాకు పరిచితము.

మూగజీవములపై ప్రయోగములు అసలేల యని కొందఱడుగుదురు. ధర్మమైన ప్రశ్నయే. కాని 1885వ సంవత్సరమున పారిసు నగరములో లూయీ పాస్టరు పిచ్చికుక్క కఱచిన యొక బాలుని రక్షించిన మందు కుందేళ్ల వెన్నుపామునుండి తీసినదే. ఆ పిదప మన దేశమున బొడ్డుచుట్టును పొడిచిన సూదులు మీలో పెక్కుమందికి జ్ఞాపకముండును. ఆ మందు గొఱ్ఱె మెదడునుండి చేయబడెడిది. పాముకాటునకు విరుగుడు నేటికిని గుఱ్ఱముల రక్తమునుండియే తయారగుచున్నది. మనము జంతువులకు ఋణపడి యున్నామనుటలో సందేహము లేదు. ఋణపడినవాడు మఱింత యప్పు చేయునపుడు లెక్క చెప్పవలెను గదా!

ఆ లెక్కయే చట్టమైనది. రాజ్యసభలో శ్రీమతి రుక్మిణీదేవి అరండేలు పట్టుదలతో చేసిన కృషి దారిచూపగా, 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలువడెను. అది ప్రయోగములను నిషేధింపలేదు. ప్రాణము నిలుపుటకును, బాధ తగ్గించుటకును, రోగముల నెదుర్కొనుటకును పనికివచ్చు జ్ఞానముకొఱకు ప్రయోగములు చేయవచ్చుననియు, అయితే వానిని అదుపులో నుంచుటకు కేంద్రప్రభుత్వము ఒక సంఘమును నియమింపవచ్చుననియు నిర్ణయించెను. 1998 నాటి నియమములు దీనిని మఱింత బిగించినవి. ఆ నియమముల ననుసరించి ప్రయోగములు చేయు ప్రతి సంస్థయు కేంద్రసంఘమువద్ద నమోదు కావలెను. తనలో ఒక జంతు నైతిక సంఘమును కలిగి యుండవలెను. ఎలుకలు, కుందేళ్లు మొదలగు చిన్నజంతువుల విషయము ఈ సంఘమే తేల్చును. కుక్కలు, కోతులు, పశువులు మొదలగు పెద్దజంతువుల విషయము కేంద్రసంఘమునకు పోవలెను.

సంస్థలోని సంఘమున నెవరెవరుందురు? జీవశాస్త్రము తెలిసినవారు కొందఱు. జంతువుల యోగక్షేమములు చూచు పశువైద్యుడొకడు. జంతుశాలకు బాధ్యుడైన శాస్త్రజ్ఞుడొకడు. వేఱొక సంస్థకు చెందిన శాస్త్రజ్ఞుడొకడు. కేంద్రసంఘము పంపిన ప్రతినిధియొకడు. వీరితోపాటు శాస్త్రజ్ఞుడు కాని, లోకజ్ఞానము గల సామాన్యుడొకడు. ఈ చివరివాని నేల చేర్చిరి? పరిశోధకులందఱును ఒక వృత్తివారు. నేడు నీ దరఖాస్తును నేను చూచినచో, రేపు నా దరఖాస్తును నీవు చూతువు. ఇట్టిచోట మొగమాటము సహజము. ఆ మొగమాటము లేనివాడొకడు కూర్చుండవలెనని నియమములు చేసినవారి తలంపు.

విచారణ ఎట్లు జరుగునో ఒక ఉదాహరణము చెప్పెదను. మధుమేహమునకు ఒక ఆకుపసరు పనిచేయునేమో చూడదలచి ఒక పరిశోధకుడు 60 ఎలుకలను కోరెననుకొందము. మొదటి ప్రశ్న: ఈ పని ఇదివఱకే ఎవరైన చేసిరా? చేసియున్నచో మరల నేల? రెండవది: జంతువు లేకుండ, గాజుపాత్రలో పెంచిన జీవకణములపై దీనిని తెలిసికొనలేమా? మూడవది: 60 ఏల? అతడు మూడు మోతాదులను పరీక్షింపదలచి, ప్రతి మోతాదునకు 10 ఎలుకలను, వానితో పోల్చుటకు పసరు త్రాగని 10 ఎలుకలను వేఱువేఱుగ లెక్కించినాడు. మూడు మోతాదులను ఒకేసారి పరీక్షించినచో పోలికకు ఒక్క గుంపు చాలును. అప్పుడు 40 ఎలుకలతో పని జరుగును. 20 ప్రాణములు మిగులును. నాల్గవది: నొప్పి కలిగించు పనికి మత్తుమందు ఇత్తురా? ఐదవది: ఎలుక తాళలేనంత బాధపడుచున్నట్లు ఏ గుర్తులచే తెలిసికొందురు? అప్పుడు ప్రయోగము నాపుదురా? చివరిది: పని ముగిసిన పిదప ఆ జీవుల గతి యేమి?

ఈ ప్రశ్నలకు మూలమైన మూడు సూత్రములను 1959లో విలియం రస్సెల్, రెక్స్ బర్చ్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞులు చెప్పిరి. వీలైనచోట జంతువునకు బదులు వేఱొకదానిని వాడుట, జంతువుల సంఖ్య తగ్గించుట, తప్పనిచోట బాధను తగ్గించుట. మన దేశమున నాలుగవదియు చేర్చిరి: పని తీరిన జంతువునకు పునరావాసము. ముసలియెద్దును కటికవానికి తోలక మేపిన రైతునకు ఈ నాలుగవ సూత్రమును వివరింప నక్కఱలేదు.

ఇందొక సూక్ష్మము కలదు. తగ్గించుట యన్నంతమాత్రమున 40కి బదులు 8 చాలునని పట్టుబట్టుట దయ కాదు. సంఖ్య చాలనిచో నిజము తేలదు. నిజము తేలనిచో ఆ ఎనిమిదియు వ్యర్థముగ చచ్చినట్లే. అది కారణము లేని హింస. మితిమీరి కోరువానిని వారించుట యెంత ధర్మమో, చాలినంత కోరువానికి అడ్డుపడకుండుటయు నంతే ధర్మము. రోగియు ఆ సభలో కానరాని కక్షిదారే కదా!

జంతువునకు బదులు వేఱొకటి దొరకుట కల్ల యని తలపకుడు. నేను చెప్పిన గొఱ్ఱె మెదడు మందు మన దేశమున 2004వ సంవత్సరముతో నిలిచిపోయినది. జీవకణములలో పెంచిన టీకా దాని స్థానమున వచ్చినది. గొఱ్ఱెలకును, బొడ్డుచుట్టు సూదులు భరింపవలసిన బిడ్డలకును ఒక్కమాఱే మేలు కలిగెను.

ఇంత యేర్పాటున్నను లోపములు లేవని చెప్పజాలను. 1960లో చట్టము చేసినపుడు ప్రయోగముల నియమములు మీఱినవారికి విధించిన జరిమానా 200 రూపాయలకు మించదు. ప్రయోగములను ఆపించు అధికారము కేంద్రసంఘమునకు కలదు. కాని ప్రతి పంజరమువద్దను కావలికాయుట యెవరి తరము? కాగితములు చక్కగ నున్నవని చదువక చేవ్రాలు చేయు సభ్యులున్నచో, పిల్లికి చెలగాటము ఎలుకకు ప్రాణసంకటము అను సామెత అక్షరాల నిజమగును. ఆ సభకు బలము చట్టములో కంటె అడుగువాని నోటిలో నెక్కువగ నున్నది.

శాస్త్రము చదువని నేను అక్కడ ఏమడుగుదునని మొదట జంకితిని. కొలదిదినములకే తెలిసినది: "ఇన్ని యేల? ఇది తప్పదా? నొప్పి కలుగునా?" యని యడుగుటకు శాస్త్రము అక్కఱలేదు. అడిగినపుడు చాలమంది పరిశోధకులు కోపింపలేదు. మరల లెక్క చూచుకొనిరి. మీ చేరువనున్న కళాశాలలో గాని, పరిశోధనశాలలో గాని ఇట్టి సభకు మీలో నెవరినైన పిలిచినచో, మాకేమి తెలియునని తప్పుకొనకుడు. రానివాని పక్షమున మాటలాడుట మీకు క్రొత్త గాదు.