మా బావి నీళ్లలో ఏముంది?
(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు ప్రసంగం)



పొదుపు, అప్పుల లెక్కలు ఇందాక అక్క చదివి వినిపించింది. నేను నీళ్ల గురించి మాట్లాడతాను. ఇది మన దగ్గర జరిగింది కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఫెర్నాల్డ్ అనే చోట జరిగింది. అయినా అక్కడి ఆడవాళ్లు చేసిన పని మన సంఘాలకు బాగా పనికొస్తుంది.

సిన్సినాటి నగరానికి దగ్గర్లో, పొలాల మధ్య, 1951లో ప్రభుత్వం ఒక ఫ్యాక్టరీ కట్టడం మొదలుపెట్టింది. దాని పేరులో 'ఫీడ్' అనే మాట ఉంది. ఫీడ్ అంటే వాళ్ల భాషలో మేత అని కూడా అర్థం. పైగా నీళ్ల ట్యాంకు మీద ఎరుపు, తెలుపు గళ్లు వేశారు. అక్కడ ఒక పెద్ద దాణా కంపెనీ గుర్తు కూడా అలాంటి గళ్లే. దాంతో చుట్టుపక్కల చాలామంది అది పశువుల దాణా ఫ్యాక్టరీ అనుకున్నారు. లోపల చేసేది మాత్రం యురేనియం లోహం. అది వేరే రాష్ట్రాల రియాక్టర్లకు వెళ్లేది. అక్కడ దానితో అణుబాంబులకు కావాల్సిన ప్లుటోనియం తయారుచేసేవారు.

1984 చివర్లో ఫ్యాక్టరీ నుంచి యురేనియం దుమ్ము గాల్లోకి పోయిందని బయటపడింది. ఫ్యాక్టరీ బయట మూడు బావుల్లో యురేనియం కలిసిందని కూడా అప్పుడే తెలిసింది. అధికారులకు ఆ సంగతి 1981 నుంచే తెలుసు. ఆ నీళ్లు వాడే కుటుంబాలకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒక బావి లీసా క్రాఫర్డ్ అనే ఆమె అద్దెకున్న ఇంటిది. ఆమెకో చిన్న కొడుకు. ఆ నీళ్లతోనే వండారు, తాగారు, బిడ్డకు స్నానం చేయించారు. మనలో ఏ తల్లయినా ఆ మాట వింటే ఊరుకుంటుందా?

ఆ ఏడాదే ఊళ్లవాళ్లు 'ఫ్రెష్' అని ఒక సంఘం పెట్టుకున్నారు. తర్వాత లీసా దానికి నాయకురాలైంది. వాళ్లు శాస్త్రవేత్తలు కాదు. అయినా కాగితాలు తెప్పించుకుని చదివారు, అర్థం కాని మాటకు అర్థం అడిగారు, అధికారులను మీటింగుకు పిలిచి జవాబు చెప్పించుకున్నారు. 1985లో లీసా కుటుంబం ఇరుగుపొరుగు వాళ్ల తరఫున కోర్టుకెళ్లింది. 1989లో 7.8 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ డబ్బుతోనే 9 వేల మందికి పైగా జనానికి ఏళ్ల తరబడి వైద్య పరీక్షలు చేశారు. ఆ ఏడాదే ఉత్పత్తి ఆగింది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఫ్యాక్టరీ మూతపడింది కదా అని వాళ్లు ఇళ్లకు పోలేదు. కలుషితమైన మట్టిని, వ్యర్థాలను ఎక్కడ పెట్టాలన్న పెద్ద ప్రశ్న మిగిలింది. మొత్తం ఇక్కణ్ణుంచి ఎత్తుకుపోండి అనడం తేలిక. కానీ ఎత్తుకుపోయింది ఇంకొకరి ఊరికే కదా చేరేది! ఊరివాళ్లు, లీసా కూడా ఉన్న సలహా కమిటీ కూర్చుని ఆలోచించింది. బాగా ప్రమాదమైనవి దూరంగా, వాటికోసం కట్టిన చోట్లకు పంపాలి, తక్కువ కలుషితమైన మట్టిని ఇక్కడే గట్టి కట్టడంలో పూడ్చాలి అని చెప్పింది. మన కసువు పక్కింటి వాకిట్లోకి ఊడ్చకూడదని మన పెద్దలు చెప్పేది కూడా ఇదే. 2006లో శుద్ధి పని చాలావరకు పూర్తయింది. సుమారు 440 కోట్ల డాలర్ల ఖర్చు. ఇప్పుడక్కడ గడ్డి, చెరువులు, పక్షులు. అయినా భూమి లోపలి నీటిని శుద్ధి చేయడం ఆ తర్వాతా ఏళ్ల తరబడి సాగింది. చెడగొట్టిన నీళ్లు బాగుపడటానికి ఒక తరం చాలదు.

అందుకే అక్కలారా, నా విన్నపాలు మూడు. మన బోరు నీళ్లు, ట్యాంకు నీళ్లు పరీక్ష చేసినప్పుడు రిపోర్టు మనకూ ఇమ్మని ప్రతి గ్రామ సంఘం తీర్మానం రాయాలి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం మనకుంది, దరఖాస్తు పెట్టాలి. వచ్చిన రిపోర్టు మినిట్స్ పుస్తకంలో అంటించి, సమావేశంలో అందరికీ చదివి వినిపించాలి.

వంద రూపాయల పొదుపుకు రసీదు అడిగే మనం, బిడ్డలు తాగే నీళ్లకు లెక్క అడగలేమా? అడుగుదాం. సెలవు.